కోపం సరే, తీర్పు ఎవరిది?

ప్రశ్న: అత్యాచారం వార్త వినగానే నిందితులను అక్కడికక్కడే చంపేయాలనిపిస్తుంది. ఈ కోపం తప్పా?

జవాబు: తప్పు కాదు. అలాంటి కోపమే చట్టాన్ని కదిలించింది. మథుర అనే అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో, ఒంటిమీద గాయాలు లేవన్న కారణం చూపి 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. పైకి తర్కంలా కనిపించిన ఆ వాదన, స్టేషన్‌లో భయంతో నోరు పెగలని పిల్ల పరిస్థితిని లెక్కలోకి తీసుకోలేదు. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకుల బహిరంగ లేఖ, మహిళా సంఘాల ఆందోళనల తర్వాత 1983లో చట్టం మారింది. కస్టడీలో సంభోగం రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. తర్కం చూడని చోటును ఆవేదన అలా చూపించగలదు.

అయితే ఫలానావాడే దోషి అని తేల్చే శక్తి కోపానికి లేదు. 2019లో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని 2022లో బయటపడ్డ నివేదికలో తేల్చింది. కోర్టుల్లో ఏళ్లు పడుతుంది కదా అంటారు. నిజమే. దానికి విరుగుడు విచారణను వేగంగా నడపడమే కానీ, అసలు విచారణే లేకుండా చేయడం కాదు. సాక్ష్యం పరీక్షకు నిలవకముందే శిక్ష పడితే, అసలు నేరస్థుడు తప్పించుకున్నా మనకు తెలియదు. మీ కోపాన్ని దర్యాప్తును నిలదీయడానికి వాడండి.