ముందు లోతు, తర్వాతే కదలిక



విశాఖ బీచ్ రోడ్డు మీద అపార్ట్‌మెంటు టవర్‌కి నువ్వు గీసిన ఎలివేషన్ చూశాను. ఎండ తగలగానే మోటార్లతో మూసుకునే రెక్కలు ముచ్చటగా ఉన్నాయి. కానీ వాటి వెనక ఉన్నది చదునైన అద్దపు గోడ. నా అభ్యంతరమల్లా అక్కడే.

విశాఖకు సముద్రం తూర్పు వైపు. పొద్దుటి సూర్యుడు బాగా కిందుగా ఉండి తిన్నగా గదిలోకి కొడతాడు. ఆ ఎండను సన్‌షేడ్ ఆపలేదు. నిలువు రెక్కలో, పక్కకు జరిపే జాలీ తలుపులో కావాలి. అవీ అద్దానికి బయటే ఉండాలి. అద్దం దాటి వచ్చిన వేడి కర్టెన్ వేసినా గదిలోనే ఉండిపోతుంది. మధ్యాహ్నానికి ఎండ పడమటికి మళ్లుతుంది, సముద్రపు గాలి అందుకుంటుంది. అప్పుడు అవే తలుపులు బార్లా తెరుచుకోవాలి. ఎలివేషన్ కదలాల్సింది ఇందుకే, అందానికి కాదు.

ముంబైలో చార్లెస్ కొరియా కట్టిన కాంచన్‌జంగా అపార్ట్‌మెంట్స్ ప్లాను తీసి చూడు. 1983లో పూర్తయింది; 28 అంతస్తులు, 32 ఇళ్లు. అక్కడ సముద్రం, చల్లగాలి పడమరే; సాయంత్రపు ఎండ, వాన జల్లు కూడా పడమరే. ఆయన మూలల్లో రెండంతస్తుల ఎత్తున వరండాలు తొలిచి, గదులను వెనక్కి జరిపాడు. మోటారు లేదు, పాడయ్యేదీ లేదు.

అబుదాబిలో 2012లో పూర్తయిన అల్ బహర్ టవర్లకు ఎండను బట్టి ముడుచుకుని విచ్చుకునే తెరలు ఒక్కోదానికి వెయ్యికి పైగా ఉన్నాయి. గొప్ప పనే. అయితే అవి ఆఫీసులు. అపార్ట్‌మెంటులో లిఫ్టు రిపేరుకే అసోసియేషన్ మీటింగు పెట్టాలి; ఉప్పుగాలికి తుప్పు పట్టిన మోటార్లను ఎవరు మార్పిస్తారు?

తుఫానునూ లెక్కలోకి తీసుకో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు. గాలి భారాల భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఈ ఊరికి సెకనుకు 50 మీటర్ల గాలివేగం లెక్కకట్టమంటుంది. బిల్డింగు మూలల దగ్గర గాలి రెక్కలను బయటికి పీకేస్తుంది. కాబట్టి ప్రతి తలుపూ ఇంట్లోవాళ్లు చేత్తో జరుపుకునేలా, మూసి గట్టిగా గడియ వేసుకునేలా ఉండాలి. మరలు, పట్టాలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడు.

వరండా లోతు, చేత్తో కదిలే తలుపు, గట్టి గడియ. ఈ మూడూ కుదిరాకే మోటారు సంగతి. ఈసారి ఎలివేషన్ పంపకు. ముందు సెక్షన్ గీసి పంపు.

నీ పెదనాన్న