బరువైన యంత్రభాగములు: బాడుగ, బాధ్యత

విత్తు అదనున ట్రాక్టరు గేరుబాక్సు విరిగినచో మెట్టరైతునకు పదనును దక్కదు, పైరును దక్కదు. దానిని చెన్నై వంటి దూరపట్టణమునుండి తెప్పించుకొను సభ్యులకు మేము చెప్పదలచినవి మూడు మాటలు.

మొదటిది: ఒక్క భాగమునకై లారీని పూర్తిగా మాటాడుట దండుగ. కడప బండలను దింపి వట్టిగా మరలు లారీలు తక్కువ బాడుగకే సరకు నెక్కించుకొనును. ఇరుగుపొరుగు రైతులు కలిసి తెప్పించుకొనినచో ఖర్చు మఱియు తగ్గును.

రెండవది: నూనె పూర్తిగా వంపించి, కొయ్యపెట్టెలో కదలకుండ బిగింపించి, చిరునామా చెరగని రంగుతో వ్రాయింపవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యము. 2007 నాటి రోడ్డు రవాణా చట్టము, 2011 నాటి నిబంధనల ప్రకారము, విలువ తెలిపి హెచ్చు బాడుగ చెల్లింపనిచో, సరకు పోయినపుడు రవాణాదారుని బాధ్యత సామాన్యముగా బాడుగకు పదిరెట్లకు మించదు. వేయి రూపాయల బాడుగకు ముట్టునది పదివేలే. పోయిన గేరుబాక్సు వెల అంతకు ఎన్నియో రెట్లుండవచ్చును. రైలు పార్సెలునకును 1989 నాటి రైల్వే చట్టములో ఇట్టి పరిమితియే కలదు.

కావున సరకు అప్పగించువారిచేత రసీదుపై బరువును, విలువను తప్పక వ్రాయింపుడు. నష్టము కలిగినచో, లారీ సరకు విషయమున, బుక్ చేసిన తేదీనుండి 180 దినములలోపల వ్రాతమూలకముగా నోటీసు పంపుడు.