అధికారికి తోచు తోపు

పద్దు చూడకముందే "ఈ బేరము వద్దు" అని మనసుకు తోచుట వ్యాపారస్థులకు క్రొత్త కాదు. పెద్ద సంస్థల అధికారులకును అట్లే తోచును. దానిని బయటపెట్టు తీరు మాత్రము దేశమునకొక విధము.

జపానులో ప్రతిపాదనను కాగితముపై వ్రాసి, శాఖలన్నిటికి త్రిప్పి, అందరి ముద్రలు వేయించు ఆచారము కలదు. దీనిని 'రింగి' యందురు. ఒకరికి తోచినది అందరి సమ్మతిలో కలిసిపోవును. అయినను ఆ దేశముననే 1979లో సోనీ అధ్యక్షుడు అకియో మోరిటా, రికార్డు చేయలేని టేపు యంత్రము నెవరు కొందురని తనవారే సందేహించుచుండగా, వాక్‌మన్‌ను బజారులో పెట్టించెను. జూలైలో అమ్ముడైనవి 3,000 మాత్రమే! ఆగస్టు ముగియునప్పటికి మొదట చేసిన 30,000 యంత్రములును చెల్లిపోయినవి.

అమెరికాలో అంకెలకు మర్యాద ఎక్కువ. "నాకట్లు తోచినది" అనుటకు అధికారి సభలో జంకును. అక్కడను, టెలిఫోను సంస్థను నడిపిన చెస్టర్ బర్నార్డ్ 1938లోనే, తర్కమున కందని ఆలోచనయు అధికారి పనిలో భాగమేనని గ్రంథమున వ్రాసెను.

మరి ఏ తోపును నమ్మవలెను? ఈ విషయమున భిన్నమార్గములవారైన కానెమన్, క్లైన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2009లో కలిసి యొక వ్యాసము వ్రాసిరి. క్రమము గల రంగములో, తన తప్పొప్పులు తనకు తెలియుచుండగా, చిరకాలము పనిచేసినవాని స్ఫురణకే విలువ యనిరి. ఎంత ధీమాగా చెప్పెనన్నది లెక్కకు రాదట. పసుపుకొమ్ము విరిచి సరుకు తెలుపగలవాడు వచ్చే యేటి ధర కూడ చెప్పబోయినచో, నేనైతే చిట్టా తెమ్మందును.