మసక సమితులు, వాని సంవృతి

ఈ చేను రేగడి యగునా, కాదా యని యడిగినచో లింగాల ఘనపూరు రైతు ఒక్కమాటలో నుత్తరము చెప్పజాలడు. మన ప్రాంతమున చెలకయు కలదు, రేగడియు కలదు. రెంటి నడుమ ప్రకృతి గట్టు వేయలేదు. "కొంత రేగడి" యనుటయే నిజము. ఈ "కొంత"ను సున్న మొదలు ఒకటి వఱకు గల సంఖ్యతో తెలుపు గణితమును 1965లో లాట్ఫీ జాదే యను ఆచార్యుడు ప్రకటించెను. ఇట్లు మెట్టుమెట్టుగా సభ్యత్వము గల సముదాయమే మసక సమితి.

సంవృతి యననేమి? తెలిసిన దానికి, ఒక నియమము ననుసరించి రాదగిన దంతయు చేర్చి ముగించుట. తర్కమునందు ప్రతిపాదనలనుండి ఫలితములు వచ్చుటను పోలెండు పండితుడు తార్‌స్కీ 1930లో నిట్లే వివరించెను. 1979లో యాన్ పావెల్కా దానిని మసక తర్కమునకు విస్తరించెను. దీనికి కట్టుబాట్లు మూడు. ఇచ్చిన విలువ తగ్గరాదు. ఎక్కువ యిచ్చినచో ఫలితము తక్కువ కారాదు. ముగిసిన పిదప మఱల చేసినను క్రొత్తది చేరరాదు.

విద్యార్థులారా, రేగడి మెల్లగా చెలకగా మారు పది చేలు వరుసగా నున్నవనుకొనుడు. ప్రక్కప్రక్క చేల పోలిక 0.9, ఒక్కొక్క చేను దాటిన కొలది 0.1 తగ్గి, మొదటిదానికి పదవదానికి 0.1 మాత్రమే. ఇపుడు "ఇది దానిని, అది మఱొకదానిని పోలినచో, ఇదియు ఆ మఱొకదానిని పోలును" అను నియమముతో సంవృతి చేయుదము. గొలుసులో మిక్కిలి తక్కువ విలువను గ్రహించినచో మొదటిదానికి పదవదానికి పోలిక 0.9 అగును! రేగడియే చెలక యైనది. ఇట్టి లెక్క నమ్మి విత్తనము చల్లినవాని గతి యేమి? విలువలను గుణించినచో తొమ్మిది మెట్లకు సుమారు 0.39 వచ్చును, ఇదియు హెచ్చే. లుకాసీవిచ్ పేర ప్రసిద్ధమైన పద్ధతిలో ఒకటికి తక్కువైన భాగములను కూడి ఒకటినుండి తీసివేయుదురు: తొమ్మిది 0.1లు పోగా 0.1 మిగులును. కన్నులకు కనబడిన విలువయే నిలిచినది. సంవృతి చేర్చున దేమియు లేదు.

మూడును సంవృతులే, మూడును కట్టుబాట్లు తప్పలేదు. తప్పు గణితమున లేదు, నియమము నెన్నుకొనుటలో నున్నది. చేలకు మూడవదే తగునని నా యభిప్రాయము. ముక్కలు ముడివేసిన మోటమోకు బలమునకైతే మొదటిదే సరి. అన్నిటికంటె బలహీనమైన ముక్క యెంత మోయునో మోకంతయు నంతే.

మొదటి చేనికి ఐదవ చేనికి గల పోలికను మూడు విధముల లెక్కించి చూడుడు.