అంకెలు చెప్పు మాట

ఆదివారమునాడు తెల్లవారుజామున శంషాబాదు ప్రాంతమునకు పోయినచో ఒక ముచ్చట కనుపించును. 2008వ సంవత్సరము మార్చి నెలలో ప్రారంభమైన విమానాశ్రయము నుండి విమానములు పైకెగురుచుండగా, క్రింద శిరస్త్రాణములు ధరించిన స్త్రీ పురుషులు బారులు తీరి సైకిళ్లు త్రొక్కుచుందురు. బాహ్య వలయ రహదారి ప్రధాన మార్గముపై సైకిళ్లకు అనుమతి లేదు. కనుక వారు ప్రక్కనున్న సర్వీసు రోడ్డును పట్టుదురు. కొందరు నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపున 2023వ సంవత్సరమున వెలసిన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు పోవుదురు. ఆ బాటపైనున్న సౌరఫలకముల కప్పు నీడ నిచ్చును, విద్యుత్తును నిచ్చును.

వీరిలో పలువురు సైకిలు పిడికి చిన్న కంప్యూటరును బిగించుకొందురు. అది ఉపగ్రహముల సంకేతములను గ్రహించి దూరమును, వేగమును చూపును. రొమ్మునకు కట్టుకొను పట్టీ గుండె నిమిషమునకు ఎన్నిసార్లు కొట్టుకొనునో తెలుపును.

ఒక జూలై మాసమున, ఇట్టి యంత్రము గల బాలిక యొకతె నా యొద్దకు వచ్చి, “మాస్టారూ! నాకు బలము తగ్గిపోవుచున్నది. ఇక సైకిలు మానివేయుదును” అని కంటతడి పెట్టినది. ఆమె ప్రతి ఆదివారము శంషాబాదు నుండి హిమాయత్ సాగరు వైపు 10 కిలోమీటర్లు పోయి తిరిగివచ్చును. గాలి లేని క్రిందటి వారము ఆమె సగటు వేగము గంటకు 22 కిలోమీటర్లు. ఈ వారము 20 మాత్రమే.

నేను అంకెలన్నియు చూచితిని. పోవునప్పుడు వేగము 15, వచ్చునప్పుడు 30. “ఈ రెంటి సగటు ఇరువదిరెండున్నర కావలెను గదా!” అని ఆమె సందేహము.

“అమ్మాయీ! కాలమును లెక్కింపుము. పోవుటకు 40 నిమిషములు, వచ్చుటకు 20 నిమిషములు పట్టినవి. మొత్తము గంటలో 20 కిలోమీటర్లు. కావున సగటు 20. పడమటి గాలి పోవునప్పుడు ఎదురు నిలిచినది, వచ్చునప్పుడు వెనుకనుండి త్రోసినది. ఎదురుగాలిలో గడపిన కాల మెక్కువ కనుక, పోయినది పూర్తిగా తిరిగి రాలేదు. గుండె లెక్క చూడుము. రెండు వారములును నిమిషమునకు 150 సార్లే. నీ శ్రమ తగ్గలేదు, బలమును తగ్గలేదు” అంటిని. ఆమె మోము వికసించినది.

మరికొన్ని వారములకు ఆమె మరల వచ్చినది. ఆ ఉదయము గాలి లేదు, ఎండ లేదు. వేగము 16 మాత్రమే యైనను గుండె 170 సార్లు కొట్టుకొనినది. “పట్టుదలతో ఇంకను త్రొక్కవలెనా?” అని అడిగినది. “వలదు. తక్కువ పనికి గుండె ఎక్కువ శ్రమపడుచున్నది. నిద్రలేమియో, దప్పికయో, రానున్న వ్యాధియో కావచ్చును. ఇంటికి పోయి విశ్రమింపుము” అంటిని. సాయంకాలమునకు ఆమెకు జ్వరము వచ్చినది.

విద్యార్థులారా! ఒక్క అంకెను పట్టుకొని పొంగవలదు, క్రుంగవలదు. దాని ప్రక్కనున్న అంకెలను, గాలిని, దారిని, దేహమును కలిపి చదువుడు. అదియును ఇల్లు చేరిన పిమ్మటనే. త్రొక్కునంతసేపు మీ చూపు దారిపైననే నిలువవలెను.