అధికార భాష: సామర్లకోటలో రెండు చట్టాలు

హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం నుంచి కాకినాడ శాఖ విడిపోయే సామర్లకోట జంక్షన్ బోర్డు మీద ఊరిపేరు తెలుగు, హిందీ, ఇంగ్లిషులలో ఉంటుంది గాని, పాలన నడిచే భాష, అంటే అధికార భాష అనే హోదా, ఆ మూడింటికీ సమానంగా లేదు. రైల్వే కేంద్ర ప్రభుత్వ శాఖ కనుక దానికి రాజ్యాంగంలోని 343వ అధికరణం వర్తిస్తుంది. దేవనాగరి లిపిలోని హిందీని అధికార భాషగా ప్రకటించి, ఇంగ్లిషుకు 15 ఏళ్ల గడువిచ్చిన ఆ ఏర్పాటును 1963 అధికార భాషల చట్టం సడలించి, 1965 జనవరి 26 తర్వాత కూడా ఇంగ్లిషు వాడకానికి వీలు కల్పించింది. ఆ చట్టం కింద వచ్చిన 1976 నిబంధనలు ఆంధ్రప్రదేశ్‌ను ‘సి’ ప్రాంతంగా గుర్తించినందున కేంద్ర కార్యాలయాలు రాష్ట్రానికి రాసే లేఖలు ఇంగ్లిషులో ఉంటాయి. అదే ఊరి రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు 345వ అధికరణం ఆధారంగా వచ్చిన 1966 చట్టం తెలుగును అధికార భాష చేసింది. అమలు మాత్రం చట్టమంత చురుకుగా సాగలేదు. పోటీ పరీక్షల అభ్యర్థులు తరచు పొరబడే విషయమొకటి: రాజ్యాంగం ఏ భాషనూ ‘జాతీయ భాష’ అనలేదు. ఇక 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ వ్యక్తి అయినా ఏ అధికారికైనా తన ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు.