చేతి ఆపరేషన్‌కు చేతికే మత్తు

చేతికి ఆపరేషన్ అనగానే చాలామంది "నన్ను పూర్తిగా నిద్రపుచ్చుతారా డాక్టరుగారూ?" అని భయంగా అడుగుతారు. చాలా చేతి ఆపరేషన్లకు ఆ అవసరం ఉండదు. చేతి నుండి నొప్పిని మెదడుకు చేరవేసే నరాల పక్కన మందు ఇస్తే ఆ భాగం మాత్రమే మొద్దుబారుతుంది. రోగి మెలకువగానే ఉంటాడు. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారికి ఈ పద్ధతి తరచుగా మేలు చేస్తుంది.

మత్తు ఎక్కడ ఇస్తారు?

1. వేలి మొదట్లో: గోరుచుట్టు చీము తీయడానికి, వేలి గాయానికి కుట్లు వేయడానికి ఇది చాలు.

2. మణికట్టు వద్ద: అరచేతి ఆపరేషన్లకు. వేళ్ళను కదిలించే శక్తి చాలావరకు ఉంటుంది.

3. చంకలో లేదా కాలర్ ఎముక దగ్గర: చేతికి వెళ్ళే నరాలు ఇక్కడ గుంపుగా ఉంటాయి. ముంజేయి ఎముక విరిగినప్పుడు, ఎక్కువసేపు పట్టే ఆపరేషన్లకు ఇది తగినది. అల్ట్రాసౌండ్ ఉన్నచోట నరాన్ని తెరపై చూస్తూ సూది వేస్తారు.

4. బీర్ పద్ధతి: 1908లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బీర్ తెలియజేసినది. పై చేతికి గాలి పట్టీ బిగించి, సిరలోకి మందు ఎక్కిస్తారు. సుమారు గంటలోపు ముగిసే ఆపరేషన్లకే ఇది పనికివస్తుంది. మందు ఒక్కసారిగా గుండెకు, మెదడుకు చేరకుండా కనీసం 20 నిమిషాలు పట్టీ వదలరు.

ముందుగా చెప్పండి

రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా, గతంలో మత్తుమందు పడకపోయినా, చేతిలో తిమ్మిరి ఉన్నా డాక్టరుకు చెప్పాలి. ఒక్కొక్కసారి పూర్తి మత్తు కూడా అవసరం కావచ్చు. కనుక ఖాళీ కడుపుతో రమ్మంటే అలాగే రండి. సూది తర్వాత నోటిలో ఇనుము రుచి, చెవుల్లో హోరు, ఊపిరాడకపోవడం ఉంటే వెంటనే చెప్పండి.

ఇంటికి వెళ్ళాక

వాడిన మందును బట్టి మొద్దుబారడం ఒకటి రెండు గంటల నుండి అరరోజు పైగా ఉండవచ్చు. నొప్పి మన చేతికి కాపలాదారు. ఆ కాపలాదారు నిద్రపోతున్నంతసేపు మనమే కాపలా కాయాలి. పొయ్యి దగ్గరకు, వేడినీళ్ళ దగ్గరకు పోవద్దు. మెడకు కట్టిన పట్టీలో చేతిని ఎత్తుగా ఉంచండి. డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రను మత్తు పూర్తిగా వదలకముందే వేసుకోండి.

వేళ్ళు నీలంగా, చల్లగా మారినా, కట్టు బిగుసుకుపోయినా, మాత్రకు లొంగని నొప్పి వచ్చినా, 24 గంటలైనా స్పర్శ రాకపోయినా ఆసుపత్రికి రండి. రాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు.